తొమ్మిదో తరగతి పిల్లలకు శనివారాలు చేతిపని నేర్పిద్దామనుకుంటున్నాం, సలహాలు కావాలి

వర్తూరు వాలంటీర్ | ఆదివారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. బెంగళూరు వర్తూరులో మా అపార్ట్‌మెంటుకు కూతవేటు దూరంలో ఒక సర్కారు హైస్కూలు ఉంది. పిల్లలకు బళ్ళో కన్నడ, ఇంట్లో తెలుగు. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి బిల్డింగు పనులకొచ్చిన కుటుంబాలే ఎక్కువ. రెండేళ్ళుగా మేం నలుగురం శనివారం మధ్యాహ్నాలు అక్కడ లెక్కలూ ఇంగ్లీషూ చెబుతున్నాం. ఈసారి హెడ్‌మాస్టరు గారే అడిగారు: "లెక్కలు మేం చూసుకుంటాం సార్, చేతికేదైనా పని నేర్పించగలరా? పదో తరగతి అయ్యాక ఎటు వెళ్ళాలో తెలీక చాలామంది ఏదో ఒక డెలివరీ పనిలో తేలుతున్నారు" అని.

మా ఆలోచన ఇదీ. తొమ్మిదో తరగతి పిల్లలు 40 మంది, పన్నెండు శనివారాలు. ఎలక్ట్రికల్, కుట్టుపని, మొబైల్ రిపేరు, కంప్యూటరు, బేకింగు... ఒక్కోటి రెండేసి వారాలు రుచి చూపించి, చివర్లో సర్టిఫికెట్ ఇవ్వాలని. అపార్ట్‌మెంటులో లక్షా ఇరవై వేలు పోగయ్యాయి. ఇలాంటివి నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏం కొనాలి, ఎవర్ని పిలవాలి, ఎక్కడ బోర్లా పడతాం?

కోడ్‌కూలీ | ఆదివారం, ఉదయం 10:31

సూపర్ అన్నా. నేను రెడీ. పైథాన్ చెప్తా.

కేఆర్‌పురం కరెంటు | ఆదివారం, ఉదయం 11:05

పైథాన్ అంటే కొండచిలువ కదన్నా, పిల్లలు జడుసుకుంటారు.

జోకు పక్కన పెడితే, నేను పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ వైరింగ్ కాంట్రాక్టులు చేస్తున్నా. మాది కదిరి దగ్గర. ఎలక్ట్రికల్ పెట్టేట్టయితే నాలుగు మాటలు.

మొదటిది, 40 మందికి ఒక్క బోర్డు చూపించి "ఇది స్విచ్చి, ఇది హోల్డరు" అని చెప్తే పనికి రాదు. ముందు వరుసలో ఇద్దరు చేస్తారు, వెనకవాళ్ళు ఒకర్నొకరు గిల్లుకుంటారు. ఇద్దరికో బోర్డు ఉండాలి. రెండడుగుల చదరం ప్లైవుడ్ ముక్క మీద రెండు స్విచ్చిలు, ఒక ప్లగ్గు, రెండు హోల్డర్లు చాలు. వైర్లు మాత్రం బిగించి ఇవ్వొద్దు. వైరు చర్మం ఒలవడం దగ్గర్నుంచీ వాళ్ళే చెయ్యాలి. మొదటి రోజు సగం రాగి తీగలు తెగిపోతాయి, పోనివ్వండి.

రెండోది, మొదటి నాలుగు వారాలు 230 వోల్టుల జోలికే పోవద్దు. 12 వోల్టుల అడాప్టరు, 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు. మెట్ల దగ్గర కిందా పైనా రెండు స్విచ్చిలతో ఒకే బల్బు వెలిగే టూ-వే కనెక్షన్ కూడా దీని మీదే నేర్పొచ్చు. తప్పు చేసినా బల్బు వెలగదు, అంతే.

మూడోది, తర్వాత పెద్ద కరెంటు చూపించాల్సి వస్తే బోర్డు ముందు 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చి), దానితోపాటు సీరీస్ బల్బు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును లైనుకు సీరీస్‌లో పెడితే, పిల్లవాడు ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపేసినా ఢామ్మని పేలదు, ఆ బల్బు నిండుగా వెలుగుతుంది. అది వెలిగిందంటే షార్టు. ఎల్‌ఈడీ పెడితే ఈ పని కాదు. ఫిలమెంట్ బల్బులు ఇప్పుడు అన్ని కొట్లలో దొరకవు, ఎస్పీ రోడ్డులో అడగాలి. ఇంకోటి, ఆర్‌సీసీబీ ఉంది కదా అని ధీమా వద్దు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి తెలీదు, ఎందుకంటే వెళ్ళిన కరెంటంతా తిరిగి వచ్చేస్తుంది. భూమిలోకి పోయే కరెంటునే అది పసిగడుతుంది.

నాలుగోది, చెప్పేవాడు పని చేసేవాడై ఉండాలి. ఇంజనీరు చెప్తే థియరీ వస్తుంది, చెయ్యి రాదు. నేను వస్తా, నా దగ్గర పనిచేసే కుర్రాడొకడిని కూడా తెస్తా. వాడికి ఆ పూట కూలి ఇవ్వండి, నాకొద్దు.

హైస్కూలు టీచరమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 1:40

నేను ఇదే జిల్లాలో సర్కారు ప్రౌఢశాలలో సైన్సు చెబుతాను. హెడ్‌మాస్టరు గారు నోటిమాటగా ఒప్పుకున్నారు సరే, దానితో మొదలుపెట్టకండి. రేపు ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయితే మీ సామాన్లు వరండాలో పడుంటాయి. ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి కమిటీ) మీటింగులో తీర్మానం రాయించి, దాని కాపీతో బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ఆఫీసుకు అర్జీ పెట్టండి. ఏ రోజు, ఏ గంట, ఎవరెవరు వస్తారు, ఏ గది వాడతారు, అన్నీ అందులో ఉండాలి.

రెండో సంగతి, ఆ బళ్ళో ఎన్‌ఎస్‌క్యూఎఫ్ ఉందో లేదో ముందు కనుక్కోండి. కేంద్రం 2013 డిసెంబరులో తెచ్చిన నైపుణ్యాల చట్రం అది. సమగ్ర శిక్ష కింద కొన్ని సర్కారు బళ్ళలో తొమ్మిది నుంచి ఒకేషనల్ సబ్జెక్టుగా నడుస్తోంది. మన దగ్గర ఎస్‌ఎస్‌ఎల్‌సీలో, అంటే పదో తరగతి పరీక్షలో, మూడో భాష స్థానంలో అది రాయొచ్చు. ఐటీ, రిటైల్, ఆటోమొబైల్, బ్యూటీ అండ్ వెల్‌నెస్ లాంటివి ఉన్నాయి. ఉంటే దాని ట్రైనరుతో కలిసి పని చెయ్యండి, లేకపోతేనే మీ సొంతం.

పదో తరగతి వాళ్ళను కదపొద్దు. దసరా సెలవులయ్యాక వాళ్ళకు ఊపిరాడదు, మాకూ ఆడదు. తొమ్మిదో తరగతి అన్నారు, అదే మంచిది. కొత్త విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది దాకా పది రోజులు సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ళ దగ్గర పని చూడాలని రాశారు. ఆ వయసులో చూస్తే తొమ్మిదిలో చెయ్యడానికి చెయ్యి వణకదు.

ఐదు పనులు రెండేసి వారాలు అన్నారు. ఒక్కమాట: పెళ్ళి భోజనంలో అన్నీ వడ్డించి దేన్నీ తిననివ్వకుండా ఆకు ఎత్తేసినట్టుంటుంది.

కుట్టుమిషను అక్క | ఆదివారం, సాయంత్రం 4:15

టీచరమ్మ గారి మాటే నాదీ. నాకు హొరమావు దగ్గర చిన్న టైలరింగ్ షాపుంది. నాలుగేళ్ళ కిందట ఒక సంస్థవాళ్ళు (పేరెందుకులే) మా వైపు బడికి ఆరు మిషన్లు ఇచ్చి, నన్ను మూడు రోజులు పిలిచి, నాలుగో రోజు ఫొటోలు దిగి సర్టిఫికెట్లు పంచారు. ఒక్క పిల్లకూ దారం ఎక్కించడం సరిగ్గా రాలేదు. తర్వాతి ఏడాది వెళ్తే మిషన్లు మెట్ల కింద తుప్పు పట్టున్నాయి. నూనె చుక్క వేసే నాథుడు లేడు.

మొదటి వారం నేను దారమే ఇవ్వను. రూళ్ళ నోటు బుక్కు కాగితం ఇస్తా. సూది కింద కాగితం పెట్టి, దారం లేకుండా, రూళ్ళ గీత మీదే చిల్లులు పడేలా తొక్కాలి. తొక్కుడు మిషను చక్రం కొత్తవాళ్ళకు వెనక్కి తిరుగుతుంది, దారం ఉంటే పటుక్కున తెగుతుంది, పిల్ల ఏడుస్తుంది. కాగితం మీదైతే చిల్లులు వంకర పోతాయంతే, నవ్వుకుంటారు. తిన్నని గీత వచ్చాక గుండ్రం, గుండ్రం వచ్చాక మూల తిప్పడం. ఆ తర్వాతే గుడ్డ. పన్నెండు వారాల్లో ఒక దిండు గలీబు, ఒక సంచి, చీరకు ఫాల్ కుట్టడం వస్తే నేను తృప్తి పడతా. బ్లౌజు కటింగ్ దాకా వెళ్ళకండి, అది ఏడాది పని.

ఇంకోటి, ఆడపిల్లలకు కుట్టు, మగపిల్లలకు కరెంటు అని మాత్రం పంచకండి. నా షాపులో మంచి కటింగ్ మాస్టరు మగమనిషే.

మేస్త్రీ కొడుకు | ఆదివారం, రాత్రి 9:50

చదువుతున్నాను, చెప్పాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. ఎవర్నీ నొప్పించాలని కాదు.

మా నాన్న సెంట్రింగ్ మేస్త్రీ. ఎనిమిదో తరగతి సెలవుల్లో నన్ను సైటుకు తీసుకెళ్ళి పది రోజులు ఇటుకలు మోయించాడు. పని నేర్పడానికి కాదు. "చదవకపోతే ఇదే గతి" అని చూపించడానికి. చేతులు బొబ్బలెక్కితే అమ్మ కొబ్బరినూనె రాస్తూ నాన్నను తిట్టింది, నాన్న మాత్రం ఏమీ అనలేదు. నేను ఇప్పుడు ఏసీలో కూర్చుని ఇది టైపు చేస్తున్నానంటే ఆ బొబ్బలే కారణం అని ఆయన నమ్మకం.

ఇప్పుడు మీరు వెళ్ళి ఆ షెడ్లలో ఉండే అమ్మానాన్నలకు "మీ పిల్లలకు వైరింగు నేర్పిస్తాం" అంటే వాళ్ళకు ఎలా వినపడుతుంది? తప్పించుకుందామనుకున్న దాన్నే బడి దాకా తెచ్చి పెట్టినట్టు. మన పిల్లలు శనివారం రోబోటిక్స్ క్లాసుకు వెళ్తారు, వాళ్ళ పిల్లలకు టెస్టరా? వర్తూరు అన్నా, మీ అబ్బాయిని ఈ క్లాసుకు పంపిస్తారా?

కోడ్‌కూలీ | ఆదివారం, రాత్రి 10:02

ప్రతిదాన్నీ ఇలా చూస్తే ఏ పనీ జరగదు బ్రో. ఏదో చేస్తున్నారు కదా.

మేస్త్రీ కొడుకు | ఆదివారం, రాత్రి 10:06

చెయ్యొద్దనలేదు బ్రో. ఎవరికి చేస్తున్నామో వాళ్ళను అడిగారా అంటున్నా.

వర్తూరు వాలంటీర్ | సోమవారం, ఉదయం 7:30

అడగలేదు. హెడ్‌మాస్టరు గారిని తప్ప ఎవర్నీ అడగలేదు.

మావాడూ తొమ్మిదో తరగతే. శనివారం పొద్దున రోబోటిక్స్‌కే వెళ్తాడు. రాత్రి వాణ్ణి అడిగాను, "సర్కారు బడి పిల్లలతో కలిసి వైరింగ్ నేర్చుకుంటావా?" అని. "సర్టిఫికెట్ ఇస్తారా?" అన్నాడు. ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

పాత అప్రెంటిస్ | సోమవారం, ఉదయం 9:10

నాకు అరవై నాలుగు. హెచ్‌ఏఎల్ విమానాల ఫ్యాక్టరీలో ట్రేడ్ అప్రెంటిస్‌గా చేరి ఫిట్టరుగా రిటైరయ్యాను. మేస్త్రీ గారబ్బాయి అడిగిందానికి నాకు తోచింది చెబుతాను.

మా మొదటి నెలంతా ఒకే పని. అరచేతిలో పట్టే ఇనుప పలక ఇచ్చి, ఆకురాయితో నాలుగు అంచులూ చదును చెయ్యమన్నారు. రుద్దడం, మూలమట్టం ఆనించడం, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడటం. పలకకూ మూలమట్టానికీ మధ్య వెంట్రుకంత వెలుగు కనబడినా ఇన్‌స్ట్రక్టరు నోరు మెదపకుండా పలకను తిరిగి వైస్‌లో బిగించేవారు. మూడో వారంలో ఒకరోజు వెలుగు కనబడలేదు. ఇప్పటికీ తలుపు మూస్తే కింద సందులో వెలుగు చూస్తాను, అలవాటు పోలేదు. అది కూలి పని కాదు బాబూ. మీ నాన్న గారి సెంట్రింగ్ కూడా కూలి పని కాదు. శ్లాబు లెవెలు చూడ్డం మీకొచ్చా? నాకు రాదు. తేడా ఏమిటంటే ఆయన పనికి మెట్లు కట్టలేదు, నా పనికి కట్టారు.

ఆ మెట్లు ఇప్పుడూ ఉన్నాయి, పిల్లల ఇళ్ళల్లో ఎవరికీ తెలియవు. అవే చెప్పండి ముందు. ఎనిమిది పాసైతే ఐటీఐలో వెల్డరు ఏడాది, వైర్‌మన్ రెండేళ్ళు. పది పాసైతే ఎలక్ట్రీషియన్, ఫిట్టరు రెండేళ్ళు. పది తర్వాత ఐటీఐ చేసినవాడు పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయినవాడు డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోకి పోవచ్చు. రాజాజీనగర్‌లో జీటీటీసీ అని సర్కారు టూల్ రూమ్ శిక్షణ కేంద్రం ఉంది, 1972లో డెన్మార్క్ సాయంతో పెట్టింది. పదో తరగతి మీద టూల్ అండ్ డై డిప్లొమా నాలుగేళ్ళు, అందులో చివరి ఏడాది ఫ్యాక్టరీలోనే. పీణ్యలో ఎన్‌టీటీఎఫ్ అనే ఇంకో శిక్షణ సంస్థ ఉంది. పది ఫెయిలైనవాడికీ దారి మూసుకుపోలేదు, వైర్‌మన్, వెల్డరు ఎనిమిది మీదే కదా.

చెప్పొచ్చేదేంటంటే, "వైరింగు నేర్పిస్తాం" అనకండి. "ఇదిగో ఈ మెట్టు మీద కాలు పెట్టిస్తాం, పై మెట్లు ఇవి" అనండి. మన విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరులోని మోక్షగుండం ప్రకాశం వైపు పల్లె అని మనవాళ్ళంతా గొప్పగా చెప్పుకుంటాం. 1943లో ఈ ఊళ్ళో మొదలైన జయచామరాజేంద్ర ఆక్యుపేషనల్ ఇన్‌స్టిట్యూట్, ఇప్పుడు ఎస్‌జే పాలిటెక్నిక్ అంటున్నామే, దాని వెనక ఆయన చెయ్యి ఉందని మాత్రం చెప్పుకోం. ఆనకట్ట కనబడుతుంది, వర్క్‌షాపు కనబడదు.

మేస్త్రీ కొడుకు | సోమవారం, ఉదయం 11:25

సార్, శ్లాబు లెవెలు నాకూ రాదు. నీళ్ళ ట్యూబుతో చూసేవాడు నాన్న. పక్కనే నిలబడేవాణ్ణి, ఎప్పుడూ అడగలేదు.

ఈ మెట్ల సంగతి ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరైనా చెప్పుంటే నా తమ్ముడు ఇంటర్ ఫెయిలై రెండేళ్ళు ఊరికే కూర్చునేవాడు కాదు. వర్తూరు అన్నా, పేరెంట్స్‌తో మాట్లాడేటప్పుడు నన్ను పిలవండి. శనివారం సాయంత్రం మాత్రం పెట్టకండి, అది వారం కూలి బట్వాడా వేళ, ఒక్కరూ రారు. ఆదివారం మధ్యాహ్నం, బళ్ళో కాదు, షెడ్ల దగ్గరే.

అడ్వకేటు హెబ్బాళ | సోమవారం, మధ్యాహ్నం 3:00

ఎవరూ అడగకపోయినా చట్టం సంగతి నేను చెప్పాలి.

2016 సవరణ తర్వాత బాల కార్మికుల చట్టం ప్రకారం పద్నాలుగు నిండనివాళ్ళను ఏ పనిలోనూ పెట్టకూడదు. కుటుంబం సొంత పనిలో బడి అయ్యాక చేసే సాయం లాంటి ఒకటి రెండు మినహాయింపులే ఉన్నాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. కాబట్టి "ప్రాక్టికల్ కోసం సైటుకు పంపిద్దాం", "గ్యారేజీలో సాయంగా కూర్చోబెడదాం" అనే ఐడియాలు ఎవరికైనా వస్తే మొగ్గలోనే తుంచెయ్యండి. మీరు చెయ్యాల్సింది బళ్ళో, పెద్దవాళ్ళ కళ్ళ ముందు, నేర్చుకోవడం కోసం మాత్రమే. అప్రెంటిస్‌షిప్ వేరు, దానికి 1961 చట్టం ఉంది, కాంట్రాక్టు ఉంటుంది, స్టైపెండు ఉంటుంది. ఆ దారి పది అయ్యాక.

వాలంటీర్లందరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించండి. ఏ క్లాసులోనూ ఒక్క పెద్దమనిషే ఉండకూడదు, ఇద్దరుండాలి, ఆడపిల్లలున్న గదిలో ఒక మహిళ తప్పనిసరి. పిల్లల మీద లైంగిక నేరాలకు పోక్సో చట్టం 2012 నుంచీ ఉంది, మనం మంచివాళ్ళమే అన్నది దానికి జవాబు కాదు. తల్లిదండ్రుల అనుమతి పత్రం కన్నడంలో రాయించి, తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోండి. పిల్లల మొహాలు స్టేటస్‌లో పెట్టకండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దగ్గర్లోని ఆస్పత్రి నంబరు గోడ మీద.

సర్జాపూర్ సీఏ | సోమవారం, రాత్రి 8:45

లక్షా ఇరవై వేలు చాలకపోతే కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద కంపెనీలు పెట్టే డబ్బు) అడుగుదాం అని ఎవరో ఒకరు ఎలాగూ అంటారు కాబట్టి ముందే చెబుతున్నా. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. వృత్తి నైపుణ్యాలు ఆ జాబితాలో ఉన్నాయి. కానీ ఆ డబ్బు మీ అపార్ట్‌మెంటు అసోసియేషన్ ఖాతాలోకి రాదు. తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 నంబరు, మామూలుగా మూడేళ్ళ అనుభవం ఉండాలి. ఈ ఏడాదికి చేతిలో ఉన్నదాంతో కానివ్వండి. బిల్లులు మాత్రం ప్రతి స్క్రూకూ తీసుకోండి. డబ్బు తినేశారన్న మాట రావడానికి డబ్బు తినక్కర్లేదు.

కోడ్‌కూలీ | సోమవారం, రాత్రి 9:20

సరే, అందరూ సీరియస్‌గా ఉన్నారు కాబట్టి నేనూ సీరియస్. సర్టిఫికెట్ సంగతేంటి? మావాళ్ళ చేత మంచి డిజైన్ చేయిస్తా, లోగో, క్యూఆర్ కోడ్, అన్నీ.

హైస్కూలు టీచరమ్మ | సోమవారం, రాత్రి 9:48

వద్దు నాన్నా. దాన్ని ఐటీఐ కౌంటరులో చూపిస్తే ఎవరూ చూడరు, అప్పుడు ఆ పిల్లవాడి మొహం మీరు చూడరు, మేం చూడాలి. ఐటీఐ ఇచ్చేది వేరు, ఎన్‌ఎస్‌క్యూఎఫ్‌లో బయటివాళ్ళు వచ్చి పరీక్షించి ఇచ్చేది వేరు. మనం ఇచ్చేది కాగితం. దానికి బదులు వాళ్ళు చేసిన బోర్డు, కుట్టిన సంచి వాళ్ళకే ఇచ్చెయ్యండి.

కేఆర్‌పురం కరెంటు | సోమవారం, రాత్రి 10:15

బోర్డు ఇంటికి ఇచ్చేటప్పుడు అడాప్టరుతో ఇవ్వండి, ప్లగ్గు టాపుతో కాదు. లేకపోతే ఆ రాత్రే ఎవడో ఒకడు 230లో గుచ్చుతాడు. నేనైతే గుచ్చేవాణ్ణి.

వర్తూరు వాలంటీర్ | తర్వాతి ఆదివారం, రాత్రి 8:30

ఈరోజు మధ్యాహ్నం షెడ్ల దగ్గర కూర్చున్నాం. మేస్త్రీ కొడుకు గారు వచ్చారు, పాత అప్రెంటిస్ గారు తన పాత ఇనుప పలక జేబులో పెట్టుకుని వచ్చారు. పదిహేను మంది తల్లులు, ఐదుగురు తండ్రులు. రేకుల నీడ చాలక సగం మంది ఇటుకల దొంతర పక్కన నిలబడ్డారు.

నేను మాట్లాడుతున్నంతసేపూ మర్యాదగా విన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. చివర్లో ఒకామె, చంకలో పిల్ల, నన్ను చూసి కాదు, మేస్త్రీ కొడుకు గారిని చూసి అడిగింది: "మావోడు కూడా ఈ పనికే రావాల్నా సారూ?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నేల మీద ఇటుక ముక్కతో గీతలు గీశారు. ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్, పక్కన ఎన్నేళ్ళో. "మా నాయన ఇక్కడున్నాడు" అని కింద ఒక చుక్క పెట్టారు, మెట్ల బయట. "ఇక్కడ ఎక్కడానికి నిచ్చెన ఉందని ఆయనకు ఎవరూ చెప్పలే" అన్నారు. ఆమె ఆ గీతల్ని చూసి, "ఫీజు ఎంతయితది?" అంది. సర్కారు ఐటీఐలో ఫీజు చాలా తక్కువని టీచరమ్మ గారు ఫోనులో చెప్పారు. ఇంకొకాయన అడిగాడు, "మీ పిల్లోడు వస్తాడా?" అని. వస్తాడన్నాను. అప్పుడు మాత్రం నవ్వారు, నమ్మినట్టు కాదు.

మార్చిన ప్లాను ఇది. 40 కాదు, 24 మంది: బడి పిల్లలు 18, అపార్ట్‌మెంటు పిల్లలు 6. ఐదు పనులు కాదు, రెండే: కరెంటు, కుట్టు. ఎవరేది కావాలంటే అది. దసరా తర్వాత మొదలై పద్నాలుగు శనివారాలు. మధ్యలో ఒకరోజు హొసూర్ రోడ్డు సర్కారు ఐటీఐకి తీసుకెళ్ళి వర్క్‌షాపులు చూపించడానికి అనుమతి అడుగుతాం. బీఈఓ ఆఫీసులో అర్జీ ఇచ్చాం, స్టాంపు వేసిన కాపీ ఉంది. కోడ్‌కూలీ తమ్ముడు పైథాన్ వదిలేసి హాజరు, సామాన్ల లెక్క చూస్తానన్నాడు.

కుట్టుమిషను అక్క | తర్వాతి ఆదివారం, రాత్రి 9:05

మిషన్లు కొత్తవి కొనకండి. శివాజీనగర్‌లో రిపేరు చేసి అమ్మే పాతవి దొరుకుతాయి, నేను వచ్చి తొక్కి చూసి తీసుకుంటా. మిగిలిన డబ్బుతో సూదులు కొనండి. పిల్లలు వారానికి ఎన్ని విరుస్తారో మీకు తెలీదు.

వర్తూరు వాలంటీర్ | రెండు నెలల తర్వాత, సోమవారం, రాత్రి 9:40

చాలామంది అడుగుతున్నారు కాబట్టి అప్‌డేట్. ఐదు శనివారాలయ్యాయి. 24లో ఇద్దరు మానేశారు, ఇద్దరూ అపార్ట్‌మెంటు పిల్లలే (ట్యూషన్ టైము మారిందట). కుట్టులో ఏడుగురు మగపిల్లలు. కాగితం మీద తిన్నగా తొక్కిన మొదటి మనిషి ఆ చంకలో పిల్లతో వచ్చినామె కొడుకు. ఆ కాగితాన్ని వాడు మడిచి జేబులో పెట్టుకున్నాడు, అక్క చూడనట్టు ఊరుకుంది.

భాష గురించి నాకు టెన్షన్ ఉండేది. కరెంటు అన్న సగం తెలుగు, సగం కన్నడ. "ముట్టొద్దు" అన్నా "ముట్టబేడ" అన్నా అందరి చేతులూ ఒకేసారి వెనక్కి వెళ్తాయి. మావాడికి కన్నడ రాదు, తెలుగు చదవడం రాదు. వాడి పక్కన కూర్చునే అబ్బాయి, వాళ్ళ నాన్న వైర్‌మన్, వీడికి రెండూ నేర్పుతున్నాడు.

మొన్న శనివారం స్విచ్చి ఫేజు మీదే ఎందుకుండాలో చెప్పారు. న్యూట్రల్ మీద పెట్టినా బల్బు ఆరుతుంది, కానీ హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. అన్న తానే ఒక బోర్డు తప్పుగా బిగించి, స్విచ్చి ఆపి, హోల్డరులో టెస్టరు పెట్టి చూపించారు. టెస్టరు వెలిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మావాడు మాత్రం, "మా బాత్రూములో లైటు ఆపేసినా సన్నగా వెలుగుతుంది" అన్నాడు. పక్కవాడు వెంటనే, "న్యూట్రల్ మీద స్విచ్చి ఉండి ఉంటది, చూపించుకోండి" అన్నాడు.

నిన్న మా ఎలక్ట్రీషియను వచ్చి విప్పి చూశాడు. నిజమే. ఆరేళ్ళుగా అలాగే ఉంది. అదే లైటు బల్బు నేను స్టూలెక్కి రెండుసార్లు మార్చాను.

ఈ సంగతి మావాడు ఫోనులో చెబితే ఆ అబ్బాయి మొదట అన్న మాట: "ఆ బిల్డింగు మా నాన్న చెయ్యలేదు."

కేఆర్‌పురం కరెంటు | సోమవారం, రాత్రి 9:52

అన్నా, మీ టవర్‌లో మిగతా ఫ్లాట్లూ ఒకే చెయ్యి చేసుంటుంది. అన్నీ చూపించండి. ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా.

పాత అప్రెంటిస్ | సోమవారం, రాత్రి 10:20

ఆ అబ్బాయిని జనవరిలో జీటీటీసీకి నేను తీసుకెళ్తాను, చూసి వస్తాడు. మీవాణ్ణీ పంపండి. బస్సులోనే వెళ్దాం.

వర్తూరు వాలంటీర్ | సోమవారం, రాత్రి 10:31

పంపిస్తాను సార్. వచ్చే శనివారానికి 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు నాలుగు కావాలి, ఉన్నవాటిలో రెండు పగిలాయి. ఈ వారం ఎస్పీ రోడ్డు వైపు ఎవరైనా వెళ్తున్నారా?

కోడ్‌కూలీ | సోమవారం, రాత్రి 10:33

గురువారం నేను వెళ్తున్నా అన్నా. బిల్లు తెస్తా.